లాంగ్ టర్మ్ మధ్యలో చెల్లిని ఇంటికి తెచ్చుకున్నాం: జులై 2024 నుంచి ఆగస్టు 2025 దాకా మా అనుభవం

నీట్ లాంగ్ టర్మ్‌లో, అంటే ఇంటర్ అయ్యాక మెడికల్ ఎంట్రెన్స్ మళ్ళీ రాయడానికి నెలల తరబడి ఇచ్చే కోచింగ్‌లో, చేర్పించిన పిల్లని మధ్యలో ఇంటికి తీసుకొచ్చేస్తే తర్వాత ఏం జరుగుతుందో మాకు చెప్పినవాళ్ళు లేరు. కట్టిన డబ్బులో ఎంత తిరిగొస్తుంది, సర్టిఫికెట్లు ఇస్తారా, ఇంట్లో ఉంటే పిల్ల చదువుతుందా, అన్నీ ఒక్కొక్కటిగా మేమే తెలుసుకున్నాం. మా ఇంట్లో ఈ పని మీద తిరిగింది నేను కాబట్టి, తారీఖులు గుర్తుండగానే రాసిపెడుతున్నా.

మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. నాది ప్రైవేటు ఉద్యోగం. చెల్లి నాకన్నా ఏడేళ్ళు చిన్నది.

2024 మే 5న చెల్లి మొదటిసారి నీట్ రాసింది. జూన్ 4న రిజల్ట్. 438 వచ్చింది. ఆ ఏడాది మార్కుల సంగతి అందరికీ తెలిసిందే. మొదట 67 మందికి 720కి 720 అన్నారు, గ్రేస్ మార్కులన్నారు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ గొడవ తేలకముందే, రిజల్ట్ వచ్చిన రెండో రోజుకల్లా విజయవాడ కోచింగ్ సంస్థ పీఆర్వో, ఇళ్ళకొచ్చి పిల్లల్ని చేర్పించుకునే మనిషి, మా వరండాలో కూర్చున్నాడు. ఫీజు లక్షా తొంభై వేలన్నాడు. నాన్న బేరమాడితే హాస్టల్‌తో కలిపి లక్షా అరవైకి ఒప్పుకున్నాడు. పుస్తకాలకి 11,000, డిపాజిట్ 5,000 వేరే. జులై 1న చేర్చాం.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. చెల్లిని ఎవరూ మెడపట్టి పంపలేదు. తనకి కావాలి. బాటనీ అంటే ప్రాణం. ఇంటర్ ఫస్టియర్‌లో ఉమ్మెత్త పువ్వు పుష్పచిత్రం వేసుకొస్తే, అందులో ఒక రేకు అంచు పక్క రేకు మీదికి సరిగ్గా రాలేదని రాత్రి కూర్చుని మళ్ళీ వేసిన పిల్ల. లెక్చరర్ టిక్కు పెట్టి ఇచ్చేశాక కూడా. బాగా చెయ్యాలన్న తపన బయటినుంచి ఎక్కించాల్సిన అవసరం తనకి లేదు. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు ఇంత బాధగా ఉంటుంది.

క్యాంపస్‌లో పొద్దున ఐదింటికి లేపడం, రాత్రి పదిన్నరకి స్టడీ అవర్ అయ్యాక పంపడం. వారం వారం టెస్టు, మర్నాడు ర్యాంక్ షీట్ గోడమీద. రెండు టెస్టుల్లో తగ్గితే సెక్షన్ మారుతుంది. సెక్షన్ మారితే లెక్చరర్లు మారతారు, మెస్సులో కూర్చునే వరస కూడా మారిపోతుంది. ఇవన్నీ మేం ఊహించినవే. ఊహించనిది టార్గెట్ కార్డు.

ఆ కార్డు ఇప్పుడు నా ముందుంది. పోస్టుకార్డంత అట్ట, పైన చిల్లు పెట్టి దారం కట్టారు, డెస్కుకి వేలాడదీసుకోడానికి. పైన చెల్లి పేరు, రోల్ నంబరు. కింద వరసగా అంకెలు, డీన్ చేతిరాత. 460, ఎర్ర జెల్ పెన్నుతో కొట్టేశారు. 480, కొట్టేశారు. 500, కొట్టేశారు. 520. దాని పక్కన చెల్లి తన చేత్తో చిన్నగా '521' అని రాసుకుని చుట్టూ గుండ్రంగా గీసుకుంది. సెప్టెంబరు మూడో వారం టెస్టు అది. మర్నాడే ఆ 520 మీద ఎర్రగీత పడింది, కింద 560 చేరింది. ఆ గుండ్రం మీదుగానే గీత పోయింది. "బాగా రాశావమ్మా అన్నారా?" అని అడిగాను తర్వాత. "కార్డు ఇవ్వమన్నారు, ఇచ్చాను" అంది.

460 నుంచి 521కి రెండు నెలల్లో రావడమంటే మామూలు పని కాదు. ఆ పిల్లకి దాన్ని ఒక్క పూట కూడా అనుభవించనివ్వలేదు.

సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. సింగ్ నగర్ మునిగిపోయింది, మర్నాడు ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. ఇటునుంచి మేం వెళ్ళలేం, అటునుంచి పిల్లలు రాలేరు. వాళ్ళ క్యాంపస్‌లోకి నీళ్ళు రాలేదుగానీ కరెంటు లేదు, తాగునీళ్ళకి ఇబ్బంది పడ్డారు, కొన్ని రోజులు టెస్టులు ఆపేశారు. అమ్మ ఆ మూడు నాలుగు రోజులూ సరిగ్గా తిండి తినలేదు. చాలా నెలల తర్వాత చెల్లి నాతో అంది: "అక్కా, అక్కడ నేను బాగా నిద్రపోయింది ఆ రోజుల్లోనే. రేపు టెస్టు లేదని తెలిసింది కదా. బయట జనం మేడలమీద కూర్చుని అన్నం పొట్లాల కోసం చూస్తుంటే నాకు హాయిగా నిద్రపట్టిందని తల్చుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది."

దీపావళికి, అక్టోబరు 31న, ఇంటికొచ్చింది. తల దువ్వుతుంటే దువ్వెన నిండా జుట్టే. అన్నం తింటూ గోడగడియారం వైపే చూపు. తెల్లారగట్ల మూడింటికి లేచి లైటు వేసుకోకుండా మంచం మీద కూర్చుని ఉంది. ఏంటే అంటే "ఏం లేదు, పడుకో" అంది. నవంబరు 3 ఆదివారం మళ్ళీ దిగబెట్టి వచ్చాం. బస్సులో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

నవంబరు 11 సోమవారం రాత్రి వార్డెన్ ఫోన్ నుంచి చేసింది. "అక్కా, నువ్వొచ్చి నన్ను తీసుకెళ్ళు. ఎందుకని ఇప్పుడడగొద్దు, ఇంటికొచ్చాక చెప్తా." గొంతులో ఏడుపు లేదు. ఏడుస్తూ చెప్పినా ఇంత భయపడేదాన్ని కాదు.

అప్పటికి తొమ్మిదిన్నర. ఎవరిని అడగాలో తెలీక మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేశాను. తెలుగు ఎంచుకుంటే కొద్దిసేపట్లో ఒకావిడ లైన్లోకి వచ్చారు. తింటోందా, నిద్రపోతోందా, చనిపోవాలనుందని ఎప్పుడైనా అందా, ఆ గదిలో ఇంకెవరుంటారు, అని నెమ్మదిగా ఒక్కొక్కటి అడిగారు. పిల్ల నోరు తెరిచి రమ్మన్నప్పుడు ఆదివారం విజిటింగ్ దాకా ఆగొద్దు, రేపే వెళ్ళండి, దారిలో ప్రశ్నలు వెయ్యకండి, అన్నారు. డబ్బు ఖర్చు లేని ఫోన్. ఆ రాత్రి మా ఇంట్లో అందరి బుర్రలూ ఆగిపోయి ఉంటే దారి చూపింది ఆవిడే.

మర్నాడు నాన్న కొట్లో సెలవు పెట్టాడు. ఆఫీసు గదిలో రెండు గంటలకు పైగా కూర్చోబెట్టారు. ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ గారు, తర్వాత డీన్ గారు. "ఇప్పుడు తీసుకెళ్తే ఇన్నాళ్ళ కష్టం సున్నా అవుతుంది. ఇంకో రెండు నెలలు ఓర్చుకుంటే 600 చూస్తుంది" అన్నారు. మంచిగానే చెప్పారు, ఆయన మాటని ఆయన నమ్ముతున్నట్టే ఉంది. చివరికి ఆరోగ్యం బాలేదని రాయించుకుని మూడు రోజుల ఔట్ పాస్ ఇస్తామన్నారు.

ఇక్కడ మా ఆఫీసులో ఒకాయన ముందురోజు చెప్పిన మాట పనికొచ్చింది. ఔట్ పాస్ వేరు, మానేయడం వేరు. ఔట్ పాస్ మీద తెచ్చుకుంటే లెక్కల్లో పిల్ల అక్కడ ఉన్నట్టే. అందుకని తెల్లకాగితం మీద 'మా అమ్మాయి ఈ రోజునుంచి మానేస్తోంది, మిగిలిన కాలానికి ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇప్పించగలరు' అని రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తారీఖుతో స్టాంపు అడిగాం. స్టాంపు వెయ్యడానికి ఏఓ గారు ఇష్టపడలేదు. నాన్న కదల్లేదు. యార్డులో ఇరవై ఏళ్ళు కాటాల దగ్గర నిలబడిన మనిషి, కాగితం మీద ముద్ర పడకుండా సరుకు వదలడు. మధ్యాహ్నం భోజనాల టైముకి ముద్ర వేసి ఇచ్చారు.

ట్రంకు పెట్టె, పరుపు, బకెట్టు, రెండు సంచుల మెటీరియల్. బస్సులో కుదరదని కారు మాట్లాడితే 1,800 తీసుకున్నాడు. మంగళగిరి దాటేదాకా ఎవరం మాట్లాడలేదు. తర్వాత చెల్లి నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది, ఇంటి ముందు కారు ఆగినా లేవలేదు.

శుక్రవారం పొద్దున్నే గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళాం. అమ్మ మొదట వద్దంది, ఎవరైనా చూస్తే పెళ్ళి సంబంధాల దాకా వెళ్తుందని. నేను పట్టుబట్టాను. ఓపీ చీటీ దగ్గర క్యూ పెద్దదిగానీ లోపల డాక్టరమ్మ చెల్లితో అరగంట మాట్లాడారు, మమ్మల్ని బయటికి పంపి. నిద్ర కుదుటపడటానికి కొద్దిరోజులకి చిన్న మాత్ర రాశారు. మాతో చెప్పింది ఒకటే: పుస్తకం మీరు చేతికివ్వద్దు, తనంతట తను తీస్తే ఆపొద్దు. డబ్బేమీ అవలేదు, ఆటో తప్ప.

ఆ తర్వాత రెండు మూడు వారాలు ఎట్లా గడిచాయో రాయాలంటే కష్టం. చెల్లి పడుకునేది. లేవగానే "టైమెంత?" అనేది, చెప్పాక మళ్ళీ పడుకునేది. చుట్టాలు ఫోన్లు. మా పిన్ని "ఏం పిల్లలమ్మా, ఈ కాలం వాళ్ళకి ఓర్పు లేదు" అంది. అమ్మ ఆ మాట పట్టుకుని రెండు రోజులు నలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నాలుగున్నర నెలలు ఐదింటికి లేచి కూర్చున్న పిల్లకి ఓర్పు లేదా?

ఒకరోజు రాత్రి చెల్లి పడుకున్నాక నాన్నకీ నాకూ పెద్ద వాదనే అయింది. "తోసేవాడు లేకపోతే బండి కదలదమ్మా. నిన్ను కూర్చోబెట్టి ఎక్కాలు వల్లెవేయించకపోతే ఇవాళ ఉద్యోగంలో ఉండేదానివా? నన్ను తోసేవాళ్ళు లేకే పదో తరగతితో ఆగిపోయా" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. చిన్నప్పుడు నాన్న రోజూ రాత్రి పదమూడో ఎక్కం, పందొమ్మిదో ఎక్కం అడిగేవాడు, తప్పు చెప్తే మళ్ళీ మొదటినుంచీ. నాకది మేలే చేసింది. పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి వదిలెయ్యాలి, పోటీ అనే మాటే ఉండకూడదు, అనేవాళ్ళతో నేను ఏకీభవించను. మాలాంటి ఇళ్ళల్లో చదువు తప్ప వేరే ఆస్తి లేదు.

కానీ నాన్నకి ఒక్కటి గుర్తుచేశాను. పందొమ్మిదో ఎక్కం వచ్చిన రోజు ఆయన "ఇక అడగను, పో ఆడుకో" అన్నాడు. నిజంగానే మళ్ళీ అడగలేదు. ఆ రాత్రి నేను వీధంతా పందొమ్మిదో ఎక్కం అరుచుకుంటూ తిరిగాను. చెల్లికి ఆ నాలుగున్నర నెలల్లో అట్లాంటి రాత్రి ఒక్కటీ ఇవ్వలేదు. అనుకున్నది సాధిస్తే సంతోషం ఉండాలి, అక్కడ సాధించినందుకు ఇంకో నలభై మార్కుల బరువు పడింది. అట్లా నెలల తరబడి చేస్తే, తను మెరుగయ్యానో లేదో పిల్లకి తనంతట తనకి తెలియడం పోతుంది. ఎవరో అంకె రాస్తేనే తెలియాలి. ఉమ్మెత్త రేకు అంచు సరిగ్గా రాలేదని తనే చూసుకున్న పిల్ల, 521 వచ్చాక "బాగానే వచ్చిందా అక్కా?" అని నన్నడిగే స్థితికి వచ్చింది. నాన్న కాసేపు ఊరుకుని కార్డు ఏదీ చూపించమన్నాడు. చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు.

ఇక డబ్బు సంగతి. అప్పటికి రెండు విడతల్లో 1,30,000 కట్టాం, 30,000 బాకీ ఉంది. రిఫండ్ అడిగితే ఫోన్లో ఏం చెప్పారంటే, తిరిగిచ్చేది ఏమీ లేదు, బాకీ 30,000 కడితేనే సర్టిఫికెట్లు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ వాళ్ళ దగ్గరే. చేర్పించేటప్పుడు 'వెరిఫికేషన్‌కి' అని తీసుకున్నారు.

వెతికితే తెలిసింది, 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చిందని. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో తిరిగివ్వాలి, హాస్టల్, మెస్ ఫీజు కూడా అందులోకి వస్తుంది. రోజుకి ఐదు గంటలకి మించి క్లాసులు వద్దని, వారానికో సెలవు ఉండాలని కూడా అందులో ఉంది. ఇవి చదువుతుంటే వేరే దేశం సంగతి చదువుతున్నట్టు అనిపించింది. అవి రాష్ట్రాలు అమలు చెయ్యాల్సిన మార్గదర్శకాలు, మన చేతిలో పెట్టిన చట్టం కాదు. అయినా ఉత్తరంలో ఆ మాట ఉంటే అవతలివాళ్ళ తీరు మారుతుంది, మేం చూశాం.

నవంబరు 25న రిజిస్టర్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో ఉత్తరం పంపాం. లెక్క ఇట్లా వేశాం: పది నెలలకి లక్షా అరవై, అంటే నెలకి 16,000. నాలుగున్నర నెలలకి 72,000. కట్టింది 1,30,000. రావాల్సింది 58,000, డిపాజిట్ 5,000 కలిపితే 63,000. కార్డు సంతకంతో వారంలో తిరిగొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. డిసెంబరు 6న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు నమోదు చేశాం. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు సంస్థకి పంపుతారు, పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళమంటారు. మాకు తెలియని ఇంకో సంగతి, ఐదు లక్షల లోపు చెల్లింపు మీద కేసుకి కమిషన్‌లో ఫీజే లేదు. లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు. ఆ ముక్క రెండో ఉత్తరంలో రాశాక, అంతకుముందు ఫోన్ ఎత్తని ఏఓ గారే నాన్నకి ఫోన్ చేశారు.

సంక్రాంతి వెళ్ళాక జనవరి 20న రమ్మన్నారు. పుస్తకాలవీ రిజిస్ట్రేషన్‌దీ అంటూ ఏవేవో కోతలు పెట్టి 40,000కి చెక్కు, డిపాజిట్ 5,000 నగదు. కమిషన్‌కి వెళ్తే మొత్తం వచ్చేదేమో. కానీ ఎన్ని నెలలు పడుతుందో తెలీదు, సర్టిఫికెట్లు ముందు కావాలి. ఒప్పుకున్నాం. సర్టిఫికెట్లు హెడ్డాఫీసులో ఉన్నాయని ఇంకా తిప్పి ఫిబ్రవరి 3న ఇచ్చారు. ఫిబ్రవరి 7న నీట్ అప్లికేషన్లు మొదలయ్యాయి. అప్లికేషన్‌కి ఒరిజినల్స్ అక్కర్లేదనీ, మెమోలు డిజీలాకర్‌లో దొరుకుతాయనీ ముందే తెలిసుంటే ఆ జనవరి అంతా మేం అంత కంగారుపడేవాళ్ళం కాదు. చేర్పించేవాళ్ళు జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్సే కావాలంటే అందినట్టు రసీదు రాయించుకోండి.

ఇక చెల్లి చదువు. డిసెంబరు మధ్యలో ఒకరోజు నేను ఆఫీసునుంచి వచ్చేసరికి బాటనీ పుస్తకం తీసి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అమ్మ వంటింట్లోంచి నాకు కళ్ళతో సైగ చేసింది, పలకరించకు అని. నాన్న కొట్లోంచి తెచ్చిన పాత తక్‌పట్టీల (సరుకు అమ్మకం లెక్క రాసే చీటీలు) వెనకవైపు ప్లాన్ రాసుకుంది. ఒక కాగితానికి ఒక రోజు. పొద్దున ఏడింటికి మొదలు, మధ్యాహ్నం విరామం, రాత్రి ఏడున్నరకి ఆపడం. ఆరోజు అనుకున్నవి ఆరింటికే అయిపోతే ఆపేసేది, అదనంగా ఇంకోటి ముట్టుకునేది కాదు. అమ్మకి అది మింగుడుపడలేదు. "ఇంకా గంటన్నర ఉంది కదే" అనేది. "ఇవాళ్టిది అయిపోయిందమ్మా" అని చెల్లి డాబా మీదికి వెళ్ళేది. మొదట్లో నాకూ గుండె గుబగుబలాడేది, నిజం. లక్షల మంది రాసే పరీక్ష.

ఫిజిక్స్ దగ్గర మాత్రం ఒంటరిగా సాగలేదు. బ్రాడీపేటలో ఒక రిటైరైన లెక్చరర్ గారి దగ్గర వారానికి రెండు రోజులు కుదిర్చాం, నెలకి 3,000. ఆయన మెతక మనిషేం కాదు. రొటేషనల్ మోషన్‌లో ఒక లెక్క, వాలు తలం మీద దొర్లే గోళానిది, చెల్లి చేత వరసగా చేయించారు. జవాబు సరిపోయినా వదల్లేదు. ఘర్షణ బలం ఏ దిక్కులో ఉంది, ఎందుకు ఆ దిక్కులో, గోళం బదులు బోలు గోళమైతే ఏది ముందు కిందికొస్తుంది, అని. నేను బయట అరుగు మీద కూర్చుని వింటున్నా. చెల్లి గొంతులో చిరాకు వినబడింది, ఆయన పట్టించుకోలేదు. చివరికి చెల్లి తనే ఒక లెక్క తయారుచేసి ఆయనకి చెప్పింది. అప్పుడాయన "ఈ చాప్టరు నీకొచ్చింది. పరీక్షకి ముందు ఒక్కసారి చూసుకో. ఈలోపు దీన్ని ముట్టుకోవద్దు" అన్నారు. ఇంటికొస్తూ చెల్లి బండి వెనక కూర్చుని ఆ లెక్క నాకు చెప్తూనే ఉంది. నేను కామర్స్ చదివినదాన్ని, సగం అర్థంకాలేదు. కానీ అన్ని నెలల తర్వాత ఆ గొంతు విన్నాను.

పిల్లల్ని కష్టపెట్టాలా వద్దా అని ఎవరైనా నన్నడిగితే ఆ అరుగు మీద కూర్చున్న సాయంత్రమే చెప్తాను. ఆయన పెట్టిన కష్టం క్యాంపస్‌లో కన్నా తక్కువేం కాదు. ఆ కష్టానికి ఒక ఒడ్డుంది. ఒడ్డు చేరావని ఆయన నోటితో చెప్పారు, చేరానని పిల్లకీ తెలిసింది.

జనవరి 25న పరీక్ష పద్ధతి మార్చారు. ఛాయిస్ ప్రశ్నలు తీసేసి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. వాట్సాప్ గ్రూపుల్లో పిల్లలూ తల్లిదండ్రులూ హడలిపోయారు. చెల్లి మాక్ టెస్టు టైము ఇరవై నిమిషాలు తగ్గించుకుని, బయాలజీ 90 ప్రశ్నలు ముందు చేసే వరస పెట్టుకుంది. మార్చిలో ఈఏపీసెట్‌కి, అంటే ఇంజనీరింగ్, అగ్రికల్చర్ కోర్సులకి రాష్ట్రం పెట్టే ఎంట్రెన్స్‌కి, కూడా అప్లై చేసింది, అది తన నిర్ణయమే.

2025 మే 4న గుంటూరులోనే సెంటర్. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి గేటు మూస్తారు, రెండింటికి పరీక్ష. ఎండ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు, నీడ కోసం గోడ వారన తల్లులు కొంగు కప్పుకుని నిలబడ్డారు. ఐదింటికి బయటికొచ్చిన పిల్లల్లో చాలామంది ఏడుస్తున్నారు. ఫిజిక్స్ అంత కష్టంగా ఇచ్చారు. చెల్లి మొహం వాడిపోయి ఉంది, ఏడవలేదు. "ఫిజిక్స్ సగం వదిలేశా. వచ్చినవి మాత్రం కచ్చితంగా వచ్చు" అంది. మే 19న ఈఏపీసెట్ రాసింది.

జూన్ 14న నీట్ రిజల్ట్. 371. నిరుటి 438 కంటే తక్కువ. అమ్మ కూలబడిపోయింది. గంట తర్వాత గానీ మాకు తట్టలేదు, ర్యాంకు నిరుటికన్నా మెరుగ్గా ఉందని. ఆ ఏడాది దేశం మొత్తానికి మొదటి మార్కే 686, అర్హతకి కావాల్సిన జనరల్ కటాఫ్ 162 నుంచి 144కి దిగింది. అంకె తగ్గింది, పిల్ల ముందుకొచ్చింది. అయినా తక్కువ ఫీజుతో ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటాలో ఎంబీబీఎస్ సీటుకి చాలదు. యాజమాన్య కోటా మాట మా ఇంట్లో ఎత్తలేం.

మళ్ళీ లాంగ్ టర్మ్ మాట అమ్మే ఎత్తింది. ఈసారి ఇంటి దగ్గరే ఉండి చదవమంది. చెల్లి రెండు రోజులు ఆలోచించుకుని చెప్పింది, తనకి మొక్కలంటే ఇష్టం, అగ్రికల్చర్ బీఎస్సీ చేస్తాను, ఈఏపీసెట్ ర్యాంకుకి అవకాశం ఉంది, అని. లాంలో ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం మాకు కూతవేటు దూరం. బాపట్ల వ్యవసాయ కాలేజీ 1945 నుంచి ఉంది. నాన్న కొట్టుకి వచ్చే రైతులు విత్తనాల గురించీ తెగుళ్ళ గురించీ వీళ్ళ శాస్త్రవేత్తల పేర్లే చెప్తారు. నాన్నకి ఆ మాట వినగానే మొహం విప్పారింది. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఒక డాక్టరు కాగలిగిన పిల్ల ఆగిపోయిందనే అమ్మ బాధ. ఆ బాధని నేను తీసిపారెయ్యను. ఆగిపోయిందా, తనకి కావాల్సిన చోటికి తిరిగిందా అన్నది చెల్లి నాలుగేళ్ళ చదువే చెప్పాలి.

జులై 25న సుప్రీంకోర్టు తీర్పొకటి వచ్చింది, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండి చనిపోయిన అమ్మాయి కేసులో. మార్కులని బట్టి బ్యాచులు విడగొట్టొద్దు, నలుగురిలో అవమానించొద్దు, విద్యార్థి శక్తికి మించిన లక్ష్యాలు పెట్టొద్దు, అని కోచింగ్ సంస్థలకీ కాలేజీలకీ చెప్పింది. పేపర్లో ఆ మూడో మాట చదివి నేను లోపలికెళ్ళి కార్డు తీసి మళ్ళీ చూశాను. ఆ అమ్మాయి తండ్రి కోర్టుల చుట్టూ తిరిగి సాధించిన మాట అది. మేం పిల్లని కారెక్కించి తెచ్చుకోగలిగాం.

మొత్తం లెక్క చూస్తే కోచింగ్ కింద మాకు పోయింది పుస్తకాలతో కలిపి 1,01,000. దానికి రెండింతలు పోయినా నవంబరు 12న చేసిన పనే చేస్తాం అని నాన్న ఇప్పుడంటాడు. మొన్న వాళ్ళ పక్క కొట్టు గుమాస్తా కొడుకుని ఇదే లాంగ్ టర్మ్‌లో చేర్పించాలా వద్దా అని అడిగితే, వద్దని చెప్పలేదట. "మావాడు చేరాలనే అంటున్నాడు" అన్నాడట ఆయన. చేర్చు, కానీ నెలకోసారి వెళ్ళి పిల్లాడితో గది బయట కూర్చుని భోంచెయ్యి, మార్కులు అడగొద్దు, నిద్ర అడుగు, అని చెప్పి, మేం పంపిన రెండు ఉత్తరాల జిరాక్సులు కావాలని నాన్న నన్నడిగి తీసుకెళ్ళాడు.